కావలికుక్క కూడు

ఎద్దుకు దాణా యెంత, పాడిగేదెకు తవుడెంత, కోడిపిల్లకు నూకలెన్ని అని అడిగినచో తడుముకొనక చెప్పని రైతు మనలో లేడు. కాని ‘నీ కుక్కకేమి పెట్టుచున్నావు?’ అని యడిగినచో ‘మిగిలినది’ అను నొక్క మాటయే ప్రత్యుత్తరముగా వచ్చును. రాత్రియెల్ల మేలుకొని కళ్ళము కాచునది, అడవిపందిని చేనిలోనికి రానీయనిది, గొఱ్ఱెలమంద వెంట ఎండలో నడచునది ఆ కుక్కయే. అట్టి సేవకునకు నియతమైన కూడు లేకపోవుట ధర్మము కాదని చెప్పుట సులభము. మేమిచ్చట చెప్పదలచినది ధర్మము మాత్రమే కాదు. కుక్క తిండి సరిగా లేనిచో ఆ నష్టము కుక్కతో పోదు. అది మందకును, ఇంటిలోని పిల్లలకును ప్రాకును. కావున ఈ నెల ఈ పుటలను కావలికుక్క కూటికి కేటాయించితిమి.

పట్టణపు అంగళ్ళలో నేడు కుక్కల ‘సహజాహారము’ అను మాట మిక్కిలిగా వినబడుచున్నది. రైతునకు సహజాహారము కొనవలసిన వస్తువు కాదు; అది వాని చేనిలోను, దొడ్డిలోను ఉన్నది. కాని సహజమైనదెల్ల హితమైనది కాదు. ఆముదపు గింజ సహజమైనదే. బూజు పట్టిన వేరుసెనగయు సహజమైనదే. కసాయి దుకాణము వెనుక పడియుండు పచ్చి ఊపిరితిత్తియు సహజమైనదే. ఈ మూడును కుక్కను గాని, కుక్కను పెంచువానిని గాని చెరుపగలవు. వేనిని ఏరుకొనవలెనో, వేనిని విడువవలెనో తెలిసికొనుటయే ఈ విషయమున ముఖ్యము.

కుక్క ఏమి తిని బ్రదుకగలదు?

కుక్క తోడేలు సంతతియే యైనను పులివలె మాంసముతో మాత్రమే బ్రదుకు జంతువు కాదు. 2013లో స్వీడను దేశపు ఉప్సాలా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు తోడేళ్ళ జన్యువులను, కుక్కల జన్యువులను పోల్చి చూచిరి. పిండిపదార్థమును అరిగించు అమైలేసు అను రసమును పుట్టించు జన్యువునకు తోడేలులో 2 ప్రతులే యుండగా, కుక్కలలో 4 మొదలు 30 వరకు ఉన్నట్లు తేలినది. మనుష్యుని చెంత వేలకొలది సంవత్సరములు వాని గింజలను తిని బ్రదికినందున కుక్కకు గింజను అరిగించుకొను శక్తి పెరిగినదన్నమాట. కావున జొన్నసంకటి, రాగిసంకటి, అన్నము కుక్కకు తగిన ఆహారములే. అయితే అవి బాగుగా ఉడికినవై యుండవలెను. పచ్చిపిండి, అరకొరగా ఉడికిన గింజ దానికి అరుగవు.

అట్లని అంబలి మాత్రమే పోసి పెంచుట తగదు. 1918, 1919 సంవత్సరములలో లండనులో ఎడ్వర్డు మెల్లన్‌బీ అను వైద్యుడు కుక్కపిల్లలను ఇంటిలోపలనే యుంచి, ఓట్లు అను గింజల జావను ముఖ్యాహారముగా పెట్టి చూచెను. వాని ఎముకలు మెత్తబడి కాళ్ళు వంగిపోయెను. కాడ్ చేప కాలేయపు నూనె పోయగా ఆ జబ్బు కుదిరెను. పసిపిల్లలకు వచ్చు రికెట్సు వ్యాధికి నివారణము తెలియుటకు ఈ కుక్కపిల్లలే తోడ్పడినవి. ఆ నూనెలో ఎముకలకు హితము చేయు పదార్థమునకే తరువాత విటమిన్ డి అని పేరిడిరి. మన చర్మమువలె కుక్క చర్మము ఎండ తగిలినను ఈ విటమినును చాలినంత పుట్టింపజాలదు. అది తిండిలోనుండియే రావలయును. గ్రుడ్డులోని పచ్చసొన, చేప – ఈ రెండును దానికి మంచి ఆధారములు. కొల్లేటి పరిసరములలో బాతులమందలను తోలు జోనంగి కుక్కల యజమానులకు చిన్నచేపకు కొదువ యుండదు. మెట్టప్రాంతముల వారు కోడిగ్రుడ్డును వాడుకొనవచ్చును.

ఒకనాటి తిండి

మన పల్లెలలోని నాటుకుక్క యించుమించు 15 కిలోగ్రాములు తూగును. పెరుగుదల ముగిసి, ఆరోగ్యముగా నుండి, ఒక మోస్తరు పని చేయు అట్టి కుక్కకు దినమునకు సుమారు 850 క్యాలరీల ఆహారము వలయును. దానిని ఇంటి వస్తువులతోనే ఈ క్రింది విధముగా సమకూర్చవచ్చును.

జొన్నపిండి లేక రాగిపిండి – 120 గ్రాములు
కందిపప్పు లేక పెసరపప్పు – 40 గ్రాములు
కోడిగ్రుడ్డు – 1
చేప గాని, ఎముక తీసిన కోడిమాంసము గాని – 100 గ్రాములు
వేరుసెనగ లేక నువ్వుల నూనె – రెండు చిన్న చెంచాలు
పలుచని మజ్జిగ – ఒక గ్లాసు
గుమ్మడికాయ లేక ఆకుకూర – ఒక గుప్పెడు
కోడిగ్రుడ్డు పెంకు పొడి – అర చెంచా

పప్పును, కూరను, మాంసమును మెత్తగా ఉడికించి, అందు పిండి పోసి సంకటిగా చేసి, చల్లారిన పిమ్మట నూనె, పెంకుపొడి కలిపి, ఉదయ సాయంకాలములందు రెండు పాళ్ళుగా పెట్టవలెను. మజ్జిగను విడిగా పోయవచ్చును. చేప గాని మాంసము గాని దొరకని దినమున మరి రెండు గ్రుడ్లు వేసినచో సరిపోవును. పెంకుపొడిని చిన్నవస్తువుగా నెంచరాదు. గింజలోను, మాంసములోను భాస్వరము మెండుగాను సున్నము తక్కువగాను ఉండును. ఆ లోటు తీరనిచో ఎముకలు బలహీనపడును. గ్రుడ్డుపెంకులను కడిగి, నీటిలో మరిగించి, ఎండబెట్టి, రోటిలో పిండివలె నూరి ఒక సీసాలో పోసి యుంచుకొన్నచో నెలల తరబడి వచ్చును. పాలకంటె మజ్జిగ మేలు. పెద్ద కుక్కలలో పెక్కింటికి పాలలోని చక్కెర అరుగక విరేచనములగును.

దినమెల్ల మంద వెంట నడచు కుక్కకు ఈ కొలతపై నాలుగవవంతు గాని, సగము గాని హెచ్చింపవలెను. చూలుకుక్కకు చివరి నెలలో క్రమముగా పెంచవలెను. పాలిచ్చు తల్లి రెండింతలు, మూడింతలు తినును. పిల్లలకు నాలుగవ వారము మొదలుకొని పలుచని జావ నలవాటు చేసి, నాలుగు మాసములవరకు దినమునకు నాలుగు మారులు కొంచెము కొంచెముగా పెట్టవలెను. వానికి గింజపాలు తగ్గించి గ్రుడ్డు, చేప, మాంసములను పెంచుట అవసరము. కొలత సరిపోయినదా లేదా యని తెలిసికొనుటకు తక్కెడ అక్కరలేదు. కుక్క ప్రక్కలపై చేయి నిమిరినపుడు డొక్కలు వ్రేళ్ళకు తగులవలెను గాని, దూరమునుండి కన్నులకు లెక్కకు రాకూడదు.

నీటి విషయమున మన నిర్లక్ష్యము ఇంతింత కాదు. కుక్కకు మనవలె దేహమంతట చెమట పట్టదు. నాలుక చాచి రొప్పియే వేడిని తగ్గించుకొనును. 15 కిలోల కుక్కకు మామూలు దినములలోనే ముక్కాలు లీటరు నుండి ఒక లీటరు నీరు వలయును. రోహిణికార్తె యెండలలో అది చాలదు. పురుగుమందు పిచికారీ చేసిన చేని ప్రక్క కాలువనీరు త్రాగనీయక, నీడలో ఒక మట్టిమూకుడున మంచినీరు పెట్టవలెను.

వంటింటిలో విడువవలసినవి

ఇంటిలో మిగిలిన పప్పు, పులుసు అన్నములో కలిపి పెట్టుట మన వాడుక. ఇందు మూడు దోషములున్నవి. మొదటిది, ఉల్లి, వెల్లుల్లి. ఇవి పచ్చివైనను, ఉడికినవైనను, పొడియైనను కుక్క నెత్తుటిలోని ఎఱ్ఱకణములను చెరుపును. రెండవది, పులుపు. ద్రాక్షపండ్లు, కిసుమిసులు తిన్న కుక్కలకు మూత్రపిండములు చెడునని చాల కాలముగా తెలియును. అందులకు ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లము కారణము కావచ్చునని 2021లో అమెరికా పశువైద్యులు సూచించిరి. ఆ ఆమ్లము మన చింతపండులోను మెండుగా నున్నది. కావున పులుసుకూడు, పులిహోర కుక్కకు పెట్టకుండుటయే క్షేమము. మూడవది, ఉప్పుకారములు. ఈ మూడింటిని తప్పించుకొను ఉపాయము సులభము. పప్పునకు తాలింపు వేయకమునుపే, చింతపండు పిసుకకమునుపే కుక్క పాలు వేరుగా తీసి పెట్టవలెను. ఇల్లాండ్రు ఇది యొక్క వారము పాటించిరేని పిమ్మట అలవాటైపోవును.

ఉడికిన ఎముకలు, అందును కోడి ఎముకలు, సూదులవలె చీలి గొంతులోను పేగులలోను గ్రుచ్చుకొనును. చాక్లెటు కుక్కకు విషము. చక్కెర లేని తీపియని చెప్పి అమ్ము జిగురుబిళ్ళలలోను మిఠాయిలలోను జైలిటాలు అను పదార్థ ముండుట కలదు. అది కొంచెమైనను కుక్క నెత్తుటిలోని చక్కెరను హఠాత్తుగా పడవేసి ప్రాణము తీయగలదు. కల్లు పోసి వినోదము చూచుట క్రూరకార్యము.

దొడ్డిలో విడువవలసినవి

ఆముదపు చెక్కను మనము ఎరువుగా వాడుదుము. నూనె తీసిన పిమ్మటను అందు రిసిను అను తీవ్రమైన విషము మిగిలియుండును. ఎముకలపొడి కలిపిన ఎరువైనచో ఆ వాసనకు కుక్క ఆశపడి మెక్కును. వాంతులు, నెత్తురు విరేచనములు పట్టి చచ్చుట కలదు. ఎరువుల బస్తాలను మూతికట్టి యెత్తున నుంచవలెను. చల్లిన వెంటనే మట్టిలో కలిపివేయవలెను. పత్తిచెక్కలో గాసిపాలు అను విషము కలదు. ఎద్దునకు సరిపడునది కుక్కకు సరిపడదు. కావున పశువుల దాణా గంపలో కుక్కను మూతిపెట్టనీయరాదు. పందికొక్కుల మందు తిని చచ్చిన ఎలుకను తిన్నను కుక్కకు ముప్పే. మందు పెట్టిన మరునాడు ఉదయమే చచ్చినవానిని ఏరి పూడ్చవలెను.

అన్నింటికంటె సామాన్యమైన దోషము బూజు గింజ. అమ్ముటకు పనికిరాని మొక్కజొన్న, వేరుసెనగ కుక్కపాలు చేయుట పెక్కు ఊళ్ళలో మేము చూచుచున్నాము. 1960లో ఇంగ్లండులో లక్షకుపైగా టర్కీకోళ్ళు కారణము తెలియక చచ్చెను. పరిశోధింపగా వానికి పెట్టిన వేరుసెనగ పిండిలో బూజువలన పుట్టిన విషమున్నట్లు తెలిసినది. దానికే అఫ్లాటాక్సిను అని పేరు. అది కాలేయమును తినివేయును. కుక్క ఈ విషమునకు మిక్కిలి సులభముగా లోనగు జంతువు. 2005 డిసెంబరులో అమెరికాలో బూజుపట్టిన మొక్కజొన్నతో తయారైన కుక్కలమేత తిని పెక్కు కుక్కలు చనిపోయినవి. ఈ విషము వండినంతమాత్రమున పోదు. బూజు దులిపినను పోదు. మనుష్యుడు తినరాని గింజ కుక్కయు తినరానిదే.

విషము తిన్నదని తోచినపుడు ఉప్పునీళ్ళు పోసి వాంతి చేయింపరాదు. ఆ ఉప్పే మరియొక విషమగును. తిన్న వస్తువును గాని, దాని సంచిని గాని తీసికొని వెంటనే పశువైద్యశాలకు పోవలెను.

పచ్చి పేగులు – తిత్తివ్యాధి

ఇక నీ వ్యాసమునకు ప్రాణమైన విషయము. గొఱ్ఱెను గాని మేకను గాని కోసినపుడు కాలేయముపైనను ఊపిరితిత్తులపైనను నీటిబుగ్గలవంటి తిత్తులు కనబడుట మన మందలవారందరు ఎరిగినదే. అట్టి ముక్క అమ్ముడుపోదు. కసాయి దానిని కోసి ప్రక్కన వేచియున్న కుక్కకు విసరును. ఎవ్వరికిని తప్పుగా తోపని యీ పనియే ఒక ఘోరవ్యాధికి మూలము.

ఆ తిత్తిలో నున్నవి యొక బద్దెపురుగు పిల్లలు. దాని పేరు ఎకినోకాకసు. కుక్క కడుపులో చేరి అవి పెద్దవగును. పెద్దవైనను వాని పొడవు 3 మొదలు 6 మిల్లీమీటర్లకు మించదు. అట్టివి వేలకొలది పేగులలో నున్నను కుక్క ఏ జబ్బును చూపదు, బలముగానే తిరుగును. ఇంచుమించు ఆరేడు వారములకు వాని గ్రుడ్లు కుక్క మలముతో బయటపడ నారంభించును. అవి గడ్డిపై పడగా గొఱ్ఱె మేయును. దాని కాలేయములో మరల తిత్తి పుట్టును. ఆకుకూర మడిలో పడగా మనము సరిగా కడుగక తిందుము. కుక్క వెంట్రుకలకు అంటియుండగా పిల్లలు దానితో ఆడి, చేతులు కడుగక అన్నము తిందురు. అప్పుడు గొఱ్ఱెకు పుట్టిన తిత్తియే మనుష్యుని కాలేయమునను ఊపిరితిత్తులలోను పుట్టును. అది యేండ్ల తరబడి మెల్లగా పెరిగి కొబ్బరికాయయంత కావచ్చును. లోపల పగిలినచో ప్రాణాపాయము. మన ఆసుపత్రులలో ఈ తిత్తులకు శస్త్రచికిత్సలు నేటికిని జరుగుచున్నవి.

గమనింపుడు. తిత్తియున్న గొఱ్ఱె మాంసము తిన్నందున మనకీ వ్యాధి రాదు. ఒకరినుండి యొకరికి అంటదు. కుక్క ద్వారముననే వచ్చును. కుక్కకు పచ్చి అవయవము పెట్టినందుననే కుక్కకు వచ్చును. కావున కుక్క కూడును శుభ్రపరచినచో ఈ గొలుసు అక్కడనే తెగును.

ఇది వట్టి యాశ కాదు. ఐస్‌లాండు గొఱ్ఱెల దేశము. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చట ఈ వ్యాధి మిక్కిలి ప్రబలియుండెను. 1863లో డెన్మార్కునుండి హరాల్డు క్రబ్బె అను శాస్త్రజ్ఞుడు ఆ ద్వీపమునకు పోయి, కుక్కల పేగులను పరీక్షించి, వ్యాధి సంగతిని తేటమాటలతో నొక చిన్నపుస్తకముగా వ్రాసెను. దానిని ఇంటింటికి పంచిరి. తిత్తులున్న అవయవములను కుక్కకందనీయక కాల్చుడు లేక పూడ్చుడు అనుట దాని సారము. పిదప చట్టములు వచ్చినవి. ఇరువదవ శతాబ్దమున ఆ వ్యాధి అచ్చట మాయమైనది. ఆ పురుగును నిశ్చయముగా చంపు మందు అప్పటి కింకను పుట్టలేదు. చదువ నేర్చిన రైతులు చదివినదానిని ఆచరించుటచేతనే అది సాధ్యమయ్యెను. కోట్లకొలది గొఱ్ఱెలుండిన న్యూజీలండును 2002లో ఈ వ్యాధినుండి విముక్తమైనట్లు ప్రకటించుకొన్నది.

మనము చేయవలసినది యింతియే. తిత్తులున్న ముక్కను కాల్చవలెను, లేక కుక్క త్రవ్వలేనంత లోతున పూడ్చవలెను. తిత్తులు లేని కాలేయమును, ఊపిరితిత్తులను సయితము చిన్నముక్కలుగా కోసి, నీరు తెర్లునప్పటినుండి నలువది నిమిషములకు తక్కువ కాకుండ ఉడికించియే కుక్కకు పెట్టవలెను. ఉడికించిన కాలేయము కుక్కకు ప్రీతియైన, బలకరమైన ఆహారము. అయినను అది విటమిన్ ఎ మెండుగా గలది గనుక వారమునకు ఒకటి రెండు మారులు కొలదిగా పెట్టిన చాలును. ఇప్పుడు ప్రాజిక్వాంటెలు అను మందు దొరకుచున్నది. మంద కుక్కలకు పశువైద్యుని సలహాతో ఆరు వారముల కొకమారు వేయించినచో పురుగు గ్రుడ్లు పెట్టకమునుపే చచ్చును. ఎరువుకై మందను చేనిలో నిలుపునపుడు ఆ మంద కుక్కలకు మందు వేసిరా యని అడుగుట భూస్వామి హక్కు.

చచ్చిన పశువులను ఊరిబయట పారవేయుటయు ఇట్టి దోషమే. రాబందులు మెండుగా నున్న దినములలో ఆ కళేబరములు త్వరలోనే ఎముకలై మిగిలెడివి. పశువులకిచ్చు డైక్లోఫెనాకు అను మందువలన రాబందులు నశించుచున్నట్లు 2004లో వెల్లడియైనది. 2006లో పశువైద్యమున ఆ మందును మన దేశము నిషేధించినది. కాని అప్పటికే రాబందులు అరుదైపోయెను. కళేబరములు వీధికుక్కల పాలాయెను. వానిని పూడ్చుట మన వంతు.

చిరుతిండ్లు

కుక్కపిల్లకు పిలిచిన వచ్చుట, కోళ్ళను తరుమకుండుట, పాదు త్రొక్కకుండుట నేర్పునపుడు దెబ్బకంటె చిన్న తినుబండము మేలైన గురువు. పంచదార, మైదా గల బిస్కత్తు అందులకు తగదు. ఉడికించిన చిలగడదుంప ముక్క, క్యారెట్టు ముక్క, ఉప్పు లేని వేపిన వేరుసెనగలు నాలుగు, కొబ్బరిముక్క, ఉప్పు వేయక ఎండబెట్టి వేయించిన చిన్నచేప – ఇవి చాలును. జొన్నపిండిలో ఒక గ్రుడ్డు కొట్టిపోసి, కొంచెము గుమ్మడి గుజ్జు కలిపి, పలుచని బిళ్ళలుగా తట్టి, పెనముపై సన్నని సెగను కరకరలాడునట్లు కాల్చినచో నాలుగైదు దినములు నిలువయుండును. అన్నియు కలిపి దినపు ఆహారములో పదవ వంతునకు మించరాదు.

అంగడి మేత

కొనదలచువారు అట్టపై బొమ్మను గాక చిన్న అక్షరములను చదువవలెను. అది కుక్కకు సంపూర్ణాహారమా, లేక చిరుతిండి మాత్రమేనా అనునది మొదట చూడవలెను. వస్తువులను బరువు క్రమమున వ్రాయుట వాడుక. గింజలు మాత్రమే ముందుండి మాంసము చివర నుండినచో ధర కెంత తగునో ఆలోచింపవలెను. మాంసకృత్తులు పెద్దకుక్కకు నూటికి 18, పిల్లలకు 22 పాళ్ళకు తక్కువ కాకూడదు. తయారైన తేది, సంచి బిగువు చూడవలెను. 2007లో అమెరికాలో మెలమిను కలిసిన గోధుమపిండి సరుకువలన ఎన్నియో కుక్కలమేతలను అంగళ్ళనుండి వెనుకకు తీసికొనిరి. వెల హెచ్చైనంతమాత్రమున మేత నిర్దోషమని నమ్మరాదు.

సంఘములు చేయదగిన పనులు

ఒక్కొక్క యింట సాధ్యము కానిది సంఘమున సాధ్యమగును. ఒకటి, ప్రతి గ్రామమునను కసాయి దుకాణమునకు దగ్గర మూతగల లోతైన గుంట నొకదానిని త్రవ్వించి, తిత్తులున్న అవయవములను అందే వేయునట్లు కసాయితో ఒడంబడిక చేసికొనవలెను. రెండు, ఆరు వారముల కొకమారు ఒక దినము నిర్ణయించి, పశువైద్యుని పిలిపించి, ఊరి కుక్కలన్నింటికి పురుగులమందు వేయింపవలెను. ఏట నొకమారు అదే దినమున పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయింపవలెను. మూడు, జొన్న, రాగి, పప్పుల నూకను బూజు లేకుండ ఎండబెట్టి, ఒకే మిల్లున పట్టించి, కుక్కసంకటి పిండిగా సభ్యులకు కొన్న వెలకే ఇవ్వవలెను.

ఈ మూడింటిలో గుంటకు ఖర్చు మిక్కిలి తక్కువ, ఫలము మిక్కిలి హెచ్చు. కావున సభ్యులు వచ్చు సర్వసభ్య సమావేశమున మొదట ఆ తీర్మానమునే ప్రతిపాదించి, వానలు పట్టకమునుపే పని ముగింపుడని కోరుచున్నాము.